పగడపు దిబ్బకి ఎన్ని వేసవులు?

(చెన్నైలో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. బయట ఈ ఎండలో ఇంతమంది వచ్చారు, సంతోషం. మాట్లాడబోయేది కూడా ఎండ గురించే.

పారిస్ కార్నర్ నుంచి మణ్ణడి వైపు నడిస్తే పవళక్కార వీధి వస్తుంది. కోరల్ మర్చంట్ స్ట్రీట్ అంటారు ఇంగ్లీషులో. కంపెనీ రోజుల్లో యూరప్ నుంచి వచ్చిన యూదు వర్తకులు అక్కడ పగడాల వ్యాపారం చేశారు. మధ్యధరా సముద్రంలో తీసిన ఎర్ర పగడం ఓడల్లో మద్రాసు రేవుకి వచ్చేది. తిరుగు ఓడల్లో మన గోల్కొండ వజ్రాలు లండన్ వెళ్ళేవి. మన అమ్మమ్మల మెడలో పగడాల దండ, జ్యోతిష్కుడు కుజుడి కోసం పెట్టుకోమనే ఉంగరంలో రాయి, ఇవన్నీ ఆ ఎర్ర పగడమే.

నేను చెప్పబోయేది దాని చుట్టం గురించి. ఎర్ర పగడం వెలుతురు తక్కువున్న చోట, రాతి గుహల గోడల మీద నిదానంగా పెరుగుతుంది. దాని రంగు ఎముకలోనే ఉంటుంది, అందుకే సానబట్టినా ఎర్రగానే ఉంటుంది. దిబ్బలు కట్టే పగడం అలా కాదు. దాని ఎముక సున్నంలా తెలుపు. పైన కనిపించే గోధుమ, ఆకుపచ్చ, ఊదా రంగులన్నీ ఎముకని కప్పుకున్న పల్చటి కండవి, ఆ కండలో కాపురముండే నాచువి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, తక్కిందంతా దీని మీదే నడుస్తుంది.

పగడం మొక్క కాదు, రాయీ కాదు, జంతువు. జెల్లీ చేపకి దగ్గరి బంధువు. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. చాలా జాతుల్లో దీని అడ్డుకొలత ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. సంచీ లాంటి ఒళ్ళు, పైన ఒకే నోరు, నోటి చుట్టూ మీసాలు. తినడం, విసర్జించడం రెండూ ఆ నోటితోనే. అడుగున సున్నపు గిన్నె కట్టుకుని అందులో కూర్చుంటుంది. లక్షల గిన్నెలు కలిస్తే ఒక గడ్డ, గడ్డలు వేల ఏళ్ళు పేరుకుంటే దిబ్బ.

పాలిప్ కండ లోపల జూజాంథెల్లే అనే ఒంటికణపు నాచు ఉంటుంది, చదరపు సెంటీమీటరుకి పది లక్షలకి పైగా. పగలంతా ఎండని పట్టి చక్కెర వండి పెట్టేది ఇదే. పాలిప్‌కి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ వంటింటి నుంచే వస్తుంది. బదులుగా పాలిప్ దానికి చోటు, కార్బన్ డయాక్సైడు, తన వ్యర్థాల్లోని నత్రజని ఇస్తుంది. ఈ ఒప్పందం లేకపోతే దిబ్బ కట్టేంత సున్నం తయారు చేసే స్తోమత ఆ జీవికి లేదు. అప్పుడు కూడా పెరుగుదల ఎంతనుకున్నారు? గుండ్రటి బండలాంటి జాతులు ఏడాదికి 0.3 నుంచి 2 సెంటీమీటర్లు. కొమ్మల జాతులు మహా అయితే 10.

మన కాకినాడలో, మచిలీపట్నంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవని తెలుగువాళ్ళకి సందేహం రావడం సహజం. ఈ జీవికి 23 నుంచి 29 డిగ్రీల నీరు, నిండైన ఉప్పదనం, ఎండ అడుగుదాకా దిగేంత తేట కావాలి. గోదావరి, కృష్ణ ఏటా తెచ్చి పోసేది మంచినీళ్ళూ ఒండ్రూనూ. వరిచేనుకి బంగారమైన ఆ ఒండ్రు పగడం మీద పడితే నోరు పూడిపోతుంది. రాతి గట్లున్న చోట అక్కడక్కడ పగడపు జీవులు పట్టుకుని బతకొచ్చు గానీ దిబ్బ కట్టలేవు. అందుకే మన దేశంలో చెప్పుకోదగ్గ దిబ్బలు నాలుగే చోట్ల: గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, ఇక్కడ మన తమిళనాడు దిగువన మన్నార్ సింధుశాఖ, దాన్ని ఆనుకుని పాక్ అఖాతం. ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి పాంబన్ వంతెన మీద ఉంటాం. కుడివైపు కిటికీ లోంచి కనిపించే దీవుల చుట్టూ ఉన్నది అదే.

ఇప్పుడు వేడి సంగతి. మనం గాలిలోకి వదిలిన వాయువుల వల్ల భూమి మీద నిలిచిపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పడిపోయి, అలలు తగ్గి, నీళ్ళు అద్దంలా నిలిచినప్పుడు రెండు ఒకేసారి జరుగుతాయి. నీరు వేడెక్కుతుంది, ఎండ అడుగుదాకా సూటిగా దిగుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు నాచులో ఎండని పట్టే యంత్రాంగం దెబ్బతింటుంది. పట్టిన వెలుతురుని వాడుకోలేక హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి విష పదార్థాల్ని పాలిప్ కండలోకి వదులుతుంది. అన్నం వండి పెట్టేవాడే ఇల్లంతా పొగ నింపితే ఏం చేస్తాం? పాలిప్ కూడా అదే చేస్తుంది, నాచుని బయటికి గెంటేస్తుంది. రంగులో ఎక్కువ భాగం నాచుది కనక అది పోగానే కండ గాజులా మారి, లోపలి తెల్ల ఎముక కనిపిస్తుంది. బ్లీచింగ్ అంటే ఇది.

తెల్లబడ్డ పగడం చచ్చిపోయిందని పేపర్లలో రాసేస్తుంటారు, అది తప్పు. తెల్లబడ్డ పగడం పస్తున్న పగడం. బతికే ఉంటుంది. కొన్ని జాతులు రాత్రిపూట మీసాలతో సూక్ష్మజీవుల్ని పట్టి తిని కొన్ని వారాలు నెట్టుకొస్తాయి. ఈలోగా నీళ్ళు చల్లబడితే కండలో మిగిలిన కాసింత నాచు మళ్ళీ పెరిగి రంగు వస్తుంది. చల్లబడకపోతే కండ ఊడిపోతుంది, కొద్ది రోజుల్లోనే ఎముక మీద పసుపుపచ్చ పాకుడు పడుతుంది. పాకుడు పట్టిందంటే అది చచ్చినట్టే. మీరు నీళ్ళలోకి దిగి చూసేటప్పుడు ఈ రెండిటికీ తేడా కనిపెట్టడం మొదటి పాఠం.

ఎంత వేడి, ఎన్నాళ్ళు అన్నదాన్ని కొలవడానికి ఒక లెక్క ఉంది. డిగ్రీ వారాలు అందాం. ఒక చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెల సగటు ఉష్ణోగ్రత ఎంతో తీసుకుంటారు. అంతకన్నా ఒక డిగ్రీ, లేదా ఆ పైన ఎక్కువైన వారాల్నే లెక్కిస్తారు. ఉదాహరణకి ఒక దిబ్బ దగ్గర ఆ సగటు 30 డిగ్రీలు అనుకోండి. ఒక వారం 30.8 ఉంటే లెక్కలో సున్నా. రెండు వారాలు 31.5 ఉంటే ఒకటిన్నర ఇంటూ రెండు, మూడు డిగ్రీ వారాలు. ఆ తర్వాత మూడు వారాలు 32 ఉంటే ఇంకో ఆరు, మొత్తం తొమ్మిది. ఇలా గడిచిన పన్నెండు వారాల మొత్తం కడుతూ పోతారు. నాలుగు దాటితే బ్లీచింగ్ గట్టిగా కనిపిస్తుంది. ఎనిమిది దాటితే చావులు మొదలు. అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ళ హెచ్చరికల్లో పూర్వం ఇక్కడితో మెట్లు అయిపోయేవి. 2023 వేడి చూశాక పన్నెండుకి, పదహారుకి, ఇరవైకి కొత్త మెట్లు కట్టాల్సొచ్చింది.

మన దేశానికి ఈ హెచ్చరికలు ఇచ్చేది ఇన్‌కాయిస్, కేంద్ర ప్రభుత్వపు సముద్ర సమాచార సంస్థ. సముద్రం లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో కూర్చుని 2011 నుంచి ఉపగ్రహాల లెక్కలతో పగడాల బులెటిన్ వేస్తున్నారు. అయితే ఉపగ్రహానికి కనిపించేది నీటి పై పొర. రెండు మూడు మీటర్ల లోతులో, దీవి చాటున నిలిచిన నీటిలో అసలు వేడి ఎంతో అది చెప్పలేదు. అందుకని దిబ్బ దగ్గరే చిన్న డేటా లాగర్ కడతారు. అరగంటకోసారి ఉష్ణోగ్రత రాసుకుంటుంది. దాన్ని కట్టడంలో జనం చేసే పొరపాటు, ఎండ తగిలే చోట కట్టడం. అప్పుడది నీటి వేడి బదులు తన పెట్టె వేడి రాసుకుంటుంది. రాతి చాటున, నీడలో, పగడం ఉన్న లోతులోనే కట్టాలి. నాచు, గుల్లలు పట్టేస్తాయి కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి తీసి తుడవాలి.

రంగు చూసి ఆరోగ్యం చెప్పే కార్డు కూడా ఒకటుంది, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారు చేసింది. మన పెయింట్ల కొట్లో షేడ్ కార్డు లాంటిదే. నాలుగు రంగులు, ఒక్కో రంగులో ఒకటి నుంచి ఆరు దాకా చిక్కదనం. పగడంలో అన్నిటికన్నా లేత చోటికీ, ముదురు చోటికీ అంకె రాయాలి. కొమ్మ చివర్లు మాత్రం వదిలేయాలి, పెరిగే చివర ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. అది తెలియక కొమ్మల పగడాలన్నీ బ్లీచ్ అయ్యాయని రాసుకొచ్చే కొత్తవాళ్ళున్నారు.

మన్నార్ దగ్గరికి వద్దాం. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా 21 దీవులు. 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు, 560 చదరపు కిలోమీటర్లు. 117 జాతుల గట్టి పగడాలు నమోదయ్యాయి. ఇన్ని ఉన్నా అక్కడ దశాబ్దాల పాటు పగడాన్ని గునపాలతో పెకలించి, పడవలకెత్తి, సున్నం బట్టీలకి తోలారు. సిమెంటు పనికీ, ఇంటి గోడలకీ వాడారు. 2001లో దిబ్బలు కట్టే పగడాల్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులీ ఏనుగుల వరసలో చేర్చాక గానీ ఆ తవ్వకానికి పగ్గాలు పడలేదు. ఈలోగా రెండు దీవులు, విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి, నీటి అడుక్కి వెళ్ళిపోయాయి. దిబ్బని తవ్వితే దీవి ఎందుకు మునుగుతుంది? బాగున్న దిబ్బ అల బలంలో 97 శాతం దాకా తన మీదే విరగ్గొట్టుకుంటుంది. ఆ గోడ పోయాక ఇసుక దీవిని అల కోసేస్తుంది.

ఆ గాయం మానుతుండగా వేడి వచ్చింది. 2010లో ఒకసారి, 2016లో ఇంకా గట్టిగా. తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు ఏటా కొలుస్తారు. వాళ్ళ లెక్కలో దిబ్బ మీద బతికున్న పగడం కప్పిన జాగా 2015లో సుమారు 39 శాతం ఉండేది, 2016 వేసవి దాటేసరికి 23కి దిగింది. ముందు పోయినవి కొమ్మలవీ, రేకులవీ, అక్రొపొరా, మోంటిపొరా, పొసిల్లొపొరా. చేపపిల్లలు దాక్కునేది ఆ కొమ్మల్లోనే. మిగిలినవి పోరైటిస్ లాంటి బండలు. కాబట్టి ఉత్త శాతం చూస్తే సరిపోదు. అడివిలో మామిడీ వేపా పోయి తాడిచెట్లు మాత్రం మిగిలినా చెట్ల లెక్క కొంత కనిపిస్తుంది కదా, అలాంటిది.

లక్షద్వీప్‌లోనూ ఇదే. అక్కడ 1998, 2010, 2016, 2024, నాలుగు దెబ్బలు. మైసూరు కేంద్రంగా పనిచేసే నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల్లో రెండు దశాబ్దాలకి పైగా కొలిచి చెప్పిందేమంటే, 1998లో 37 శాతం ఉన్న పగడం 2022కి 20 లోపుకి వచ్చింది. ప్రతి దెబ్బకీ చావులు తగ్గుతూ వచ్చాయి, గట్టివే మిగిలాయి కాబట్టి. కానీ తేరుకోవడం కూడా మందగించింది. దిబ్బ కొంచెం ఊపిరి తీసుకోవడానికే ఆరేళ్ళు విరామం కావాలని వాళ్ళ అంచనా. చురుగ్గా పెరిగే జాతులు పూర్తిగా తిరిగి రావాలంటే పది, పదిహేనేళ్ళు. 1980ల మొదట్లో ప్రపంచంలో ఒక దిబ్బకి పెద్ద బ్లీచింగ్ పాతిక ముప్పై ఏళ్ళకోసారి వచ్చేది. 2016కి ఆ విరామం ఆరేళ్ళకి పడిపోయింది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ చూడండి: 2016, 2017, 2020, 2022, 2024, 2025. పరీక్ష తప్పినవాడికి సప్లిమెంటరీకి చదువుకునే టైం కూడా ఇవ్వనట్టు.

ఈమధ్య వచ్చినది ప్రపంచవ్యాప్తంగా నాలుగో బ్లీచింగ్. 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2023 జనవరి నుంచి లెక్క. ఏడాది తర్వాత చూస్తే భూమ్మీది దిబ్బల్లో 84 శాతానికి బ్లీచింగ్ స్థాయి వేడి తగిలింది. భూమి సగటు వేడి ఒకటిన్నర డిగ్రీ పెరిగితే వెచ్చటి నీటి పగడాలు 70 నుంచి 90 శాతం తగ్గుతాయనీ, రెండు డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయనీ వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2018లోనే రాసింది.

ఆమ్లత గురించి కొంచెం. సముద్రం పుల్లబడుతోంది, కోడిగుడ్డు పెంకు వెనిగర్‌లో కరిగినట్టు పగడం కరిగిపోతుందని బడిలో ప్రయోగం చేసి చూపిస్తారు. అంత కాదు. పీహెచ్ 8.2 నుంచి 8.1కి వచ్చింది, ఇప్పటికీ క్షారమే. సమస్యేమంటే కార్బన్ డయాక్సైడు కరిగే కొద్దీ సున్నం కట్టడానికి కావలసిన కార్బొనేటు నీళ్ళలో తగ్గుతుంది. ఇటుకల రేటు పెరిగితే ఇల్లు నెమ్మదిగా లేస్తుంది, గోడ పల్చనవుతుంది. వేడి ఒక్క వేసవిలో చంపుతుంది, ఇది మెల్లగా బలహీనం చేస్తుంది. తొందర ఏదో మీకే అర్థమవుతుంది.

ఇక రక్షణ. ఎక్కడ చూసినా పగడాలు నాటుతున్న ఫొటోలే కనిపిస్తాయి. ఐదువేల ముక్కలు నాటాం, పదివేలు నాటాం అంటారు. నా దృష్టిలో నాటడం ఐదో పనో ఆరో పనో. ముందు చేయాల్సినవి ఫొటోకి పనికిరావు.

మొదటిది బురద, మురుగు. తీరంలో తవ్వకం, రేవు పూడిక తీయడం, డ్రైనేజీ నేరుగా సముద్రంలోకి వదలడం. మురుగులోని నత్రజని, భాస్వరం పెద్ద నాచుకి ఎరువు. వేడికి పగడం చచ్చిన చోట ఆ నాచు మొలిచి కూర్చుంటే పగడపు పిల్లకి కాలు మోపే జాగా ఉండదు. రెండోది చేప. నాచుని గీకి తినే చేపలుండాలి. తమిళంలో కిళి మీన్ అంటారు, చిలక ముక్కు లాంటి నోటితో రాతిని కొరుకుతూ శుభ్రం చేస్తుంది. బెలిజ్ దేశం 2009లో ఈ జాతి చేపల వేటని పూర్తిగా ఆపేసింది. మూడోది తెగిపోయిన వలలు. నైలాను వల కొమ్మలకి చుట్టుకుని అలకి అటూ ఇటూ రాస్తుంటుంది. దాన్ని తీసేవాళ్ళు ఉత్సాహంగా లాగుతారు, దాంతోపాటు కొమ్మలన్నీ విరిగొస్తాయి. కత్తెరతో జానెడు జానెడు ముక్కలుగా కోసి, సంచీలో వేసుకుంటూ పోవాలి. కొమ్మ పెరిగి వలని కప్పేసిన చోట ఆ ముక్కని అలాగే వదిలేయడం మేలు.

నాలుగోది మన మన్నార్‌కే ప్రత్యేకమైన తలనొప్పి, కప్పాఫైకస్. జెల్లీలూ ఐస్‌క్రీములూ చిక్కబడటానికి వాడే క్యారజీనన్ కోసం బయటి నుంచి తెచ్చి పాక్ అఖాతంలో తెప్పల మీద పెంచిన సముద్రపు నాచు. ఆడవాళ్ళకి మంచి ఆదాయం ఇచ్చిన మాట నిజం. కానీ 2008కల్లా కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాన్ని దుప్పటిలా కప్పుతూ కనిపించింది. దీన్ని చేత్తోనే తీయాలి, మందు లేదు. ఇబ్బంది ఎక్కడంటే, తెగిన చిన్న ముక్క కూడా నీటితో కొట్టుకుపోయి ఇంకోచోట మొలుస్తుంది. అందుకని ఒకరు పీకుతుంటే ఇంకొకరు పక్కనే సన్న కన్నుల వల సంచీ పట్టుకోవాలి. ఒక్కసారి తీసి వదిలేస్తే తీయనట్టే లెక్క.

ఇవన్నీ ఒక దారికొచ్చిన చోట నాటడం మొదలెట్టొచ్చు. పద్ధతి వినండి. వీలైతే అలలకి విరిగి కింద పడిన ముక్కల్నే ఏరుకోవాలి. అవి చాలకపోతే తల్లి గడ్డ నుంచి కోస్తారు, ఏ గడ్డ నుంచీ పదో వంతుకి మించి కోయకూడదు. ముక్క ఐదు నుంచి పది సెంటీమీటర్లు. అంతకన్నా చిన్నదైతే నత్తలకీ పాకుడుకీ బలి. కనీసం పదీ పదిహేను వేరువేరు గడ్డల నుంచి తేవాలి. అన్నీ ఒకే గడ్డవైతే అవి కవల పిల్లలు, ఒక రోగమొస్తే అన్నీ పోతాయి. తల్లి ఏ లోతులో ఉందో ముక్కనీ ఆ లోతులోనే నాటాలి. ఐదు మీటర్ల అడుగున పెరిగినదాన్ని తెచ్చి ఒకటిన్నర మీటర్ల ఎండలో పెడితే, వేడి లేకుండానే తెల్లబడుతుంది. తెచ్చేటప్పుడు నీళ్ళలో, నీడలో ఉంచాలి. గంటలోపు పని ముగియాలి.

దేని మీద నాటాలి? సిమెంటు పలకలు, సిమెంటు చట్రాలు మన దగ్గర ఎక్కువ వాడతారు. పచ్చి సిమెంటు క్షారం, దాని దగ్గర పిల్ల జీవి నిలవదు. పోత పోసిన పలకల్ని కొన్ని వారాల పాటు నీళ్ళలో నాననిచ్చి, పైన గులాబీ రంగు సున్నపు నాచు పట్టే దాకా ఆగగలిగితే ఇంకా మంచిది. పగడపు లార్వాలు దిగడానికి వెతుక్కునే గుర్తు ఆ గులాబీ పూతే. ముక్కని కట్టేటప్పుడు కదలకుండా కట్టాలి. ఈ పనిలో చాలా ఫెయిల్యూర్లు ఇక్కడే. వదులుగా కడితే అల వచ్చినప్పుడల్లా ముక్క పలకకి రాసుకుంటుంది, రాసుకున్న చోట కండ పోతుంది, పోయిన చోట పాకుడు పడుతుంది. గట్టిగా కట్టినది రెండు మూడు నెలల్లో తానే పలక మీదికి పాకి అతుక్కుంటుంది.

కాలం కూడా చూడాలి. ఈశాన్య రుతుపవనం ఉన్నన్నాళ్ళూ నీళ్ళు బురద, అల ఎక్కువ. ఏప్రిల్ నుంచి వేడి. కాబట్టి మన్నార్‌లో చేతికి దొరికేది సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. మార్చి ముప్పై ఒకటికి నిధులు ఖర్చుపెట్టాలని మార్చి నెలాఖరులో హడావిడిగా నాటితే, గాయం మానకుండానే వేసవి మీద పడుతుంది. ప్రభుత్వ క్యాలెండరూ పగడం క్యాలెండరూ ఒకటి కావు మరి.

నాటాక మొదటి మూడు నెలలు వారం వారం వెళ్ళి టూత్‌బ్రష్ లాంటి మెత్తటి బ్రష్‌తో పలక మీది పాకుడు తుడవాలి, డ్రుపెల్లా అనే చిన్న నత్తల్ని ఏరాలి. ఈ ఖర్చు చాలా ప్రాజెక్టుల్లో రాయరు. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి ప్రాజెక్టుల్ని సమీక్షించి 2020లో వేసిన వ్యాసం ప్రకారం సగటున 66 శాతం ముక్కలు బతికాయి. వినడానికి బాగుంది. కానీ వాటిలో 60 శాతం ప్రాజెక్టులు ఏడాదిన్నర కన్నా తక్కువే చూశాయి. అంటే మహా అయితే ఒక వేసవి, ఒక్కోచోట రెండు. నాటిన చోటు మధ్యస్థంగా వంద చదరపు మీటర్లు, మన ఇళ్ళ స్థలంలో సగం. ఖర్చు హెక్టారుకి మధ్యస్థంగా నాలుగు లక్షల డాలర్లు. మన దేశంలో దిబ్బల విస్తీర్ణం 2,375 చదరపు కిలోమీటర్లని అంచనా. గుణించి చూసుకోండి, తొమ్మిదిన్నర వేల కోట్ల డాలర్లు. దిబ్బల్ని నాటుకుంటూ కాపాడుకోవడం అయ్యే పని కాదు. ఏదైనా సంస్థ పగడాలు నాటుతున్నాం, విరాళమివ్వండి అంటే, ఎన్ని నాటారని అడక్కండి. రెండు వేసవుల తర్వాత ఎన్ని ఉన్నాయి, నాటని పక్క చోట అదే కాలంలో ఏమైంది, ఈ రెండు అంకెలు అడగండి.

2023 జులైలో ఫ్లోరిడాలో ఏం జరిగిందో చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది. దశాబ్దాలుగా పెంచిన పగడపు నర్సరీలున్న తీరం అది. మానటీ బేలో లోతులేని చోట ఒక తేలుడు పరికరం 38.4 డిగ్రీలు చూపించింది. మనం స్నానానికి కాచుకునే వేడి. నర్సరీల్లోని ముక్కల్ని బకెట్లలో పెట్టి ఒడ్డునున్న తొట్లకి తరలించారు. తరలించలేనివి చాలావరకు పోయాయి.

నాటడం దండగ అనడం లేదు. ఎక్కడ, ఎందుకు నాటామన్నది చూడాలి. తూత్తుకుడి దగ్గర వాన్ దీవి ఉంది. 1986లో 16 హెక్టార్లు ఉండేది, 2014కి రెండుకి అరిగిపోయింది. అక్కడ పగడం ముక్కలతో మొదలెట్టలేదు. సిమెంటుతో చేసిన, కన్నాలున్న పెద్ద దిమ్మలు పదివేలకి పైగా దీవికి ముందు వరసగా దించారు. వాటి పని మొదట అల బలం తగ్గించడం. కన్నాల్లో చేప చేరింది, పైన పగడపు పిల్లలు తమంతట తామే దిగాయి. దీవి కోత తగ్గింది. ఇందులో లక్ష్యం స్పష్టం: దీవి నిలవాలి. కొలత కూడా స్పష్టం: దీవి విస్తీర్ణం.

పరిశోధనశాలల్లో ఇంకో దారి నడుస్తోంది. వేడికి ఓర్చుకునే డురుస్డినియం అనే నాచు జాతి ఉంది. అది లోపలుంటే పగడం ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ తట్టుకుంటుంది. బదులుగా తక్కువ చక్కెర పెడుతుంది, పెరుగుదల మందగిస్తుంది. వేడి చోటు నుంచీ చల్లటి చోటు నుంచీ తల్లిదండ్రుల్ని తెచ్చి సంకరం చేసేవాళ్ళున్నారు. చాలా జాతుల పగడం ఏడాదికోసారి, పున్నమి తర్వాత కొన్ని రాత్రుల్లో అండాల్నీ శుక్రకణాల్నీ నీళ్ళలోకి వదులుతుంది, ఆ రాత్రి తప్పితే మళ్ళీ ఏడాదే. అందుకే శుక్రకణాల్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచే బ్యాంకులు పెట్టారు. విత్తనం దాచుకున్నట్టు. మంచిదే, విత్తనం చల్లడానికి పొలం ఉండాలి గదా.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

ప్రశ్న: నీళ్ళ మీద షేడ్ నెట్ కట్టేస్తే సరిపోదా అండీ, నర్సరీల్లో కట్టినట్టు?

సరైన ప్రశ్నే, ఎండ తగ్గితే బ్లీచింగ్ తగ్గుతుంది. కానీ నర్సరీ సైజుకే పనికొస్తుంది. వేడి ఎక్కువున్న ఆరు వారాలు మాత్రం కట్టి తీసేయాలి, ఉంచేస్తే నాచుకి ఆకలి. గాలివానకి వల తెగి పగడం మీద పడితే, ఇందాక చెప్పిన పాత వల కథే మళ్ళీ. ఆస్ట్రేలియాలో సముద్రపు నీటిని సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్మి మబ్బుల్ని తెల్లగా చేసే ప్రయోగం 2020 నుంచి చేస్తున్నారు. ఇంకా ప్రయోగమే.

ప్రశ్న: సన్‌స్క్రీన్ వల్ల పగడాలు పోతున్నాయని హవాయిలో నిషేధించారట కదా సర్?

అవును, ఆక్సీబెంజోన్ ఉన్నవాటి అమ్మకం 2021 నుంచి ఆపారు. జనం కిక్కిరిసే చిన్న మడుగులో దాని ప్రభావం ఉండొచ్చు. మన్నార్‌లో, లక్షద్వీప్‌లో చచ్చినవి వేడికి చచ్చాయి. ఒంటికి రాసుకునేదాని గురించి అడిగినంత ఆసక్తిగా, మన ఉత్తర చెన్నైలో కాలే బొగ్గు గురించీ అడిగితే బాగుంటుంది.

ప్రశ్న: పిల్లలతో రామేశ్వరం వెళ్తున్నామండీ. పగడాలు చూపించాలంటే?

కురుసడై వైపు అటవీ శాఖ పడవలు నడుపుతుంది, వాటిలోనే వెళ్ళండి. ప్రైవేటు పడవవాళ్ళు లంగరు ఎక్కడ పడితే అక్కడ వేస్తారు, ఒక్క లంగరుకి ఒక బల్లంత పగడం విరుగుతుంది. నీళ్ళలో దిగితే కాలు కింద పెట్టకుండా తేలుతూ చూడాలి. గుడి దగ్గర శంఖాల కొట్లలో తెల్ల పగడం కొమ్మలు అమ్మితే కొనకండి, మొదటి షెడ్యూలు కింద కనీస శిక్షే మూడేళ్ళు. ఒడ్డున దొరికిన ఎండు ముక్కలు కూడా పిల్లల జేబుల్లోంచి తీయించి అక్కడే వదిలేయించండి. ఆ దీవుల ఇసుక చాలావరకు అలాంటి ముక్కలు అరిగి అయినదే.